పాత దీపములు - క్రొత్త వెలుగు

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి లివర్‌మోరు పట్టణపు అగ్నిమాపకశాలలో 1901వ సంవత్సరమున వ్రేలాడదీసిన విద్యుద్దీపమొకటి నేటికిని వెలుగుచున్నది. స్థలము మార్చినపుడును, విద్యుత్తు నిలిచిపోయినపుడును దక్క అది ఆరినది లేదు. నూరేండ్లు నిండిన 2001లో దానికి ఉత్సవము సైతము జరిగెను. ఈ వృత్తాంతమును వినిన గృహస్థునకు సహజముగా సందేహమొకటి కలుగును. నూటయిరువదేండ్లకు మించిన గాజుబుడ్డి ఇంకను వెలుగుచుండగా, ఇరువదియైదువేల గంటలు నిలుచునని పెట్టెమీద ముద్రించిన ఎల్.ఇ.డి. బల్బు రెండేండ్లకే కన్ను మూయుటకు కారణమేమి?

ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములందు పాత దీపములను సేకరించి, బాగుచేసి, వెలిగించి చూచి ఆనందించువారు కొందరు కలరు. కర్బనపు తంతువుగల తొలినాటి బుడ్డులు, టంగ్‌స్టను బల్బులు, పాదరసపు దీపములు, పసుపుపచ్చని సోడియము దీపములు వారి అలమారులలో వరుసలు దీరియుండును. వీనిని నేటి ఎల్.ఇ.డి.లతో పోల్చి వారు చెప్పునవి ముఖ్యముగా మూడు మాటలు: పాతవి దీర్ఘాయువులు, వాని వెలుగు కంటికి హితవు, చెడినయెడల బాగుచేసికొనవచ్చును. వీనిని వేడుకపరుల ముచ్చటలని త్రోసివేయరాదు, విచారింపక అంగీకరింపనురాదు.

మొదట ఆయుర్దాయమును చూతము. 1924లో జెనీవా నగరమున పలుదేశముల బల్బుల ఉత్పత్తిదారులు ఫీబసు అను కూటమిగా నేర్పడి, సామాన్యదీపము వేయిగంటలకు మించి వెలుగకుండ కట్టడి చేసికొనిరి. మీరిన సంస్థ జరిమానా చెల్లింపవలసి యుండెను. అంతకుమున్ను పదునైదువందలు మొదలు రెండువేల గంటలవరకు వెలుగు దీపములు లభించుచుండెను. 1939లో యుద్ధము వచ్చి ఆ కూటమి చెదరినది గాని, వర్తకుల లాభాపేక్షకు అది చెరగని సాక్ష్యముగా మిగిలినది.

అయినను కథ అంతటితో ముగియదు. తంతువు ఎంత అధికముగా కాగిన అంత అధికముగా వెలుగునిచ్చును. అంత శీఘ్రముగా అరిగిపోవును. తక్కువ వేడిమిలో నుంచినచో చిరకాలము బ్రతుకును గాని పుచ్చుకొనిన విద్యుత్తునకు తగిన వెలుగు నీయదు. లివర్‌మోరు దీపము నేడు పుచ్చుకొనుచున్నది సుమారు 4 వాట్లు మాత్రమే. దాని వెలుగు పడకగదిలోని చిన్నదీపమునకు మించదు. దానిని తరచుగా ఆర్పి వెలిగించుటయు లేదు. మసకగా నుండుటయే దాని దీర్ఘాయువునకు ముఖ్యహేతువు.

ఇక వ్యయము. పాతబల్బులో ప్రవేశించిన విద్యుత్తులో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే వెలుగై, తక్కినదెల్ల వేడియై పోవును. కావుననే 60 వాట్ల పాతబల్బు ఇచ్చు వెలుగును ఇంచుమించు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇచ్చుచున్నది. దినమునకు 5 గంటల చొప్పున సంవత్సరమునకు పాతది సుమారు 110 యూనిట్లను, క్రొత్తది సుమారు 16 యూనిట్లను ఖర్చుచేయును. యూనిటు 6 రూపాయలనుకొన్నను, ఒక్క దీపముమీద ఏటికి సుమారు 560 రూపాయలు మిగులును. ఈ లెక్కయెదుట పాతబల్బు నిలువజాలదు.

రెండవమాటలో సత్యము కొంత హెచ్చు. కాగిన తంతువు వెలుగులో ఎఱుపు మొదలు ఊదావరకు రంగులు ఎడతెగక యుండును. ఎల్.ఇ.డి.యో, నీలపు వెలుగుగా పుట్టి పసుపుపచ్చని పూతగుండ వచ్చి తెల్లనగును. ఆ నీలదీపమును సాధించినందులకే జపానున పుట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. చవుకబల్బులలో ఎఱుపు కొరవడుటచే చీరెయంచు, మిరపపండు, మనుష్యుని మేనిచాయ పేలవముగా కనబడును. అయితే పాతవన్నియు ఇందులో మేలనుటయు పొరబాటే. అల్పపీడనపు సోడియము దీపముక్రింద ఎఱ్ఱచీర, పచ్చచీర ఏదియో గుర్తింపజాలము. ఎల్.ఇ.డి.లలోనే 2700 కెల్వినుల గుర్తుగలది పాతబల్బు చాయను, 6500 గుర్తుగలది నీలిచాయగల తెలుపును ఇచ్చును. మనవారు మిక్కుటమైన తెలుపే మిక్కుటమైన వెలుగని భ్రమించి పడకగదికిని, పూజగదికిని గూడ రెండవదానినే తెచ్చుచున్నారు. ఈ దోషము దీపముది కాదు, ఎన్నికది.

మూడవమాటకు మాత్రము బదులు లేదు. లాంతరు వత్తి కాలిపోయిన వత్తియు, చిమ్నీ పగిలిన చిమ్నీయు, పెండ్లిపందిటిలోని గ్యాసులైటునకు మాంటిలును సంతలో దొరకెడివి; దీపము పారవేయబడెడిది కాదు. ఎల్.ఇ.డి. బల్బులో తరచుగా చెడునవి రెండు. అడుగున నిమిడియున్న డ్రైవరులోని కెపాసిటరు వేడికి ఎండిపోవుట యొకటి; వరుసగా కూర్చిన చిప్పులలో నొక్కటి తెగి తక్కినవన్నియు ఆరుట రెండవది. వేడి 10 డిగ్రీలు హెచ్చినచో కెపాసిటరు ఆయువు సుమారు సగమగును. చల్లగా నడచు దీపమునకు చెల్లు గంటలు, గాలియాడని గాజుగుండులో బిగించినదానికి చెల్లవు. ఈ సంగతి పెట్టెమీద కానరాదు. పది రూపాయల భాగము చెడుటచే దీపమంతయు చెత్తకుప్పలో పడుచున్నది.

ఒక్కచోట పాతబల్బు వేడియే గుణము. కోడిపిల్లల పెంపకమున తొలి వారములందు వానికి వెచ్చదనమిచ్చుటకు రైతులు తంతుబల్బులనే వ్రేలాడదీయుచు వచ్చిరి. అక్కడ ఎల్.ఇ.డి. వెలుగునిచ్చును గాని ప్రాణము నిలుపదు. అట్టి అవసరములకు వేరు ఏర్పాటు చూపకుండ పాతవానిని అంగళ్లనుండి మాయము చేయుట వివేకము కాదు.

ఇక దేశీయుల కర్తవ్యము. 1936లో బెంగుళూరున మైసూరు ల్యాంపు వర్క్సు వెలసినపుడు బల్బును స్వదేశముననే చేయగలమన్న ఉత్సాహము మనకు కలిగినది. ఆ కర్మాగారము మూతపడినది. 2014 అక్టోబరున హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన పిమ్మట ఆ నగరవీథులు ఎల్.ఇ.డి.లతో వెలిగినవి. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకముక్రింద 36 కోట్లకు పైగా బల్బులు పంచబడినవి. ఇవి గొప్ప కార్యములే. కాని వానిలోని చిప్పులలో అధికభాగము విదేశములనుండియే వచ్చుచున్నది. బల్బు కూర్పు మనది, గుండెకాయ పరులది. 2021లో ప్రకటించిన ఉత్పత్తి ప్రోత్సాహకపు పథకము ఈ లోటును పూరించుటకే ఉద్దేశింపబడినది. అది బిగింపుపనితో ఆగిపోరాదు.

పాదరసముగల గొట్టపుదీపముల తయారిని 2027 నాటికి నిలుపవలెనని 2023లో మినమాటా ఒడంబడిక దేశములు నిర్ణయించినవి. అనగా ఎల్.ఇ.డి.కి పోటీ లేని దినములు సమీపించుచున్నవి. పోటీలేనిచోట వర్తకుడు ఏమిచేయునో ఫీబసు కథ మనకు నేర్పినది. కావున ఇప్పుడే మూడు కట్టడులు అవసరము. డ్రైవరు వేరుగా విప్పి మార్చుటకు వీలుండవలెను. ఏ వేడిలో ఎన్ని గంటలు నిలుచునో పెట్టెమీద తెలుపవలెను. గడువులోపల ఆరినదానిని అంగడివాడు మారుమాటలేక మార్చియీయవలెను. కొనువారును రసీదు అడిగి తీసికొని భద్రపరచుకొనవలెను. రసీదు లేని ఫిర్యాదును ఆలకించువారుండరు.