పాఠ్యఖండముల పునరుపయోగము: ఛందఃపాఠము ఆధారముగ ఒక పరిశీలనము

అంతర్జాలము ద్వారా విద్య గఱపుట ప్రబలిన పిదప అధ్యాపకుల నోట తఱచుగ వినవచ్చు మాటలలో 'లెర్నింగ్ ఆబ్జెక్టు' ఒకటి. పాఠమును చిన్న చిన్న భాగములుగ విడదీసి, ఒక్కొక్క భాగము తనంత తాను నిలుచునట్లు కంప్యూటరులో నిర్మించి, ఒకచోట చేసినదానిని వేఱొక పాఠమున మరల వాడుకొనుటకు వీలు గల్పించుట దీని యుద్దేశము. 'ఆబ్జెక్టు'ను 'వస్తువు' అనుట సులభమే కాని, మన విభాగములలో వస్తువనగనే కావ్యవస్తువు స్ఫురించును. కావున ఈ వ్యాసమున దానిని 'పాఠ్యఖండము' అని వ్యవహరించుచున్నాము.

ఈ పేరును 1994లో వేన్ హాడ్జిన్స్ వాడుకలోనికి దెచ్చెను. పిల్లలు లెగో దిమ్మెలతో ఆడుకొనుట చూచి ఆయన కీ యూహ కలిగెనని ప్రసిద్ధి. ఏ దిమ్మెనైనను వేఱొక దిమ్మెతో అతుకవచ్చును. అతుకువానికి శిక్షణ అక్కఱలేదు. డేవిడ్ వైలీ 2000 సంవత్సరమున ఈ యుపమానమును నిరాకరించి, పరమాణువును ఉపమానముగ గ్రహించెను. ప్రతి పరమాణువును ప్రతి పరమాణువుతో గలియదు. కలయిక వాని అంతర్నిర్మాణమును బట్టి యుండును. కలుపువానికి కొంత విద్య కావలయును. సంధిప్రకరణము చదివినవారికి ఈ మాట కొత్తగా దోపదు. ఏ అచ్చునకు ఏ అచ్చు పరమైనను కార్య మొక్కటే కాదు గదా.

2002లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ప్రకటించిన ప్రమాణము నిర్వచనమును మిక్కిలి విస్తరింపజేసినది. డిజిటల్ రూపమున నున్నను లేకున్నను విద్యకు ఉపకరించున దేదైనను పాఠ్యఖండమే యని దాని తాత్పర్యము. ఈ లెక్కను గ్రంథాలయమందలి తాళపత్రప్రతియు పాఠ్యఖండమే యగును, అతివ్యాప్తి స్పష్టము. వైలీవలె మేమును డిజిటల్ వనరులకే దీనిని పరిమితము చేయుచున్నాము. అయినను ఆ ప్రమాణమున ఉపయోగకరమైన అంశ మొకటి కలదు. ఖండమును వర్ణించుటకు అది తొమ్మిది వర్గముల సమాచారమును నిర్దేశించినది. కర్త యెవరు, భాష యేది, ఏ స్థాయివారికి ఉద్దిష్టము, హక్కు లెవరివి మున్నగు వివరములు అందు జేరును. ఇవి లేని ఖండము సూచిక లేని గ్రంథాలయమందలి పుస్తకము వంటిది.

ఇక ప్రధానవిషయము. మా ఎం.ఏ. విద్యార్థులకు ఛందస్సు బోధించుటలో గురులఘువుల గుర్తింపునకై, సంస్కృతపాఠమునకు వేఱొకచోట నిర్మింపబడిన ఖండము నొకదానిని వాడుకొంటిమి. దృశ్యము, ధ్వని, అభ్యాసము అన్నియు చక్కగ అమరినవి. అయినను 'అతడు ప్రజలకు' అను వాక్యభాగమున 'డు' కారమును అనేకులు గురువుగ గుర్తించిరి. దోషము విద్యార్థులది కాదు. 'పఠతి ప్రభాతే' అన్నచో సంస్కృతమున 'తి' గురువే. తెలుగున 'రాజప్రభావము' వంటి సమాసమందు 'జ' గురువగును గాని, వేఱు వేఱు పదములైనచో పరపదము మొదటి సంయుక్తాక్షరము పూర్వపదాంతమును గురువు చేయదు. ఆ ఖండము తనచోట నిర్దుష్టము. మాచోట తప్పు నేర్పినది. తఱగతి గదిలో నైనచో అధ్యాపకు డొక్క మాటతో సరిదిద్దియుండును. ఒంటరిగ తెర ముందు గూర్చున్న విద్యార్థి కా మాట చెప్పువా రుండరు.

వైలీ పునరుపయోగ విరోధాభాస మని పేర్కొన్న దీ చిక్కునే. సందర్భము నెంతగ దొలగించిన ఖండ మంతగ పలుచోట్ల ఉపయోగపడును. కాని అర్థము సందర్భాశ్రితము గనుక బోధనశక్తి యంతగ తగ్గును. సందర్భము నిలిపినచో బోధన బలపడును, పునరుపయోగము క్షీణించును. దీనికి కొందఱు ఖండము ఎన్ని నిమిషము లుండవలె నని చర్చింతురు. మా దృష్టిలో ప్రశ్న పరిమాణమును గూర్చినది కాదు, కోయవలసిన చోటును గూర్చినది.

ఉత్పలమాలను జూడుడు. దాని గణములు భ, ర, న, భ, భ, ర, వ. ఈ గణక్రమము కన్నడమునందును ఇదియే. ద్వితీయాక్షర ప్రాసనియమమును రెండు భాషలకు సమానము. పదవ అక్షరమున యతి మాత్రము తెలుగు సొత్తు. కన్నడకవులు దానిని నియమముగ పాటింపరు. సంస్కృతమున యతి యనగా విరామము, తెలుగున అక్షరమైత్రి. కావున 'ఉత్పలమాల' అను ఒకే ఖండమును నిర్మించినచో అది తెలుగువారికే పనికివచ్చును. గణములు, ప్రాస, యతి వేఱు వేఱు ఖండము లైనచో మొదటి రెండును కన్నడవిభాగమునకు పంపదగును. 'యతి' అను శీర్షికతో రెండు భాషల ఖండములు ఒకేచోట నున్నచో, భాషను దెలుపు వివరము లేనియెడల అన్వేషకుడు తప్పక పొరబడును. ఇట్టి విభజనస్థానములను నిర్ణయించుట సాంకేతిక నిపుణుని పని కాదు. ఛందస్సు నెఱిగిన అధ్యాపకుని పని. ఆ పనిని ఇతరులకు వదలుట మనవారికి అలవాటైనది.

సవరించు అనుమతి యున్నచో విరోధాభాసము కొంత సడలును. 2002 డిసెంబరులో వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతిపత్రములలో కొన్ని మార్పునకు అంగీకరించును, కొన్ని అంగీకరింపవు. తీసికొనుటకు ముందు చూచుకొనవలయును. లిపివిషయ మొకటి కలదు. 1991 నాటి తొలి కూర్పునుండియు యూనికోడ్‌లో తెలుగునకు స్థానమున్నను, పాత ఫాంటులలో టైపుచేసిన పాఠములు విభాగములలో నేటికిని గుట్టలుగ నున్నవి. ఆ ఫాంటు లేని యంత్రమున అవి అర్థము లేని రోమను అక్షరములుగ గనబడును. వెదకుటకును, గణవిభజన చేయించుటకును లొంగవు. వానిని మార్చక పునరుపయోగమును గూర్చి మాటలాడుట వ్యర్థము.

మా పాఠమును మూడు ఖండములుగ తిరిగి నిర్మించితిమి. దీర్ఘము, అనుస్వారము, విసర్గము, పొల్లు అనువానిని గూర్చిన నియమములు మొదటిది. ఇది మూడు భాషలకును చెల్లును. పదాది సంయుక్తాక్షరమును గూర్చిన తెలుగు నియమము రెండవది. అభ్యాసములు మూడవది, వీనిని ఏటేట మార్చుచుందుము. రేఫసంయోగమునకు పూర్వమందున్న అక్షరము తేల్చి పలుకబడి కొన్ని తెలుగుపదములలో లఘువగుటయు గలదు. దానిని రెండవ ఖండమున జేర్పవలెనా, వేఱుగ నిలుపవలెనా యను విషయమున మాలో మాకే ఇంకను అంగీకారము కుదురలేదు.