రూపాయి ముప్పావలాతో పుట్టిన పత్రిక

బాలలూ! మా బడిలో ప్రతి ఉదయం ఒక విద్యార్థి వార్తాపత్రిక చదివి వినిపించేవాడు. ఒకనాడు నేను, "ఈ పత్రిక ఎవరిది?" అని అడిగాను. "డబ్బు పెట్టినవారిది" అన్నాడొకడు. "రాసేవారిది" అన్నాడు మరొకడు. "కొని చదివే మనది" అన్నది వెనుక వరుసలోని ఒక పిల్ల. ఎవరి మాట నిజం? మద్రాసు నగరపు "హిందూ" పత్రిక కథ విని మీరే చెప్పండి.

1878లో ముత్తుస్వామి అయ్యరుగారిని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఇంగ్లీషువారి పత్రికలు ఇది తగదని రాశాయి. వారికి జవాబు చెప్పడానికి మనవారికి సరైన పత్రిక లేదే అని ఆరుగురు యువకులు బాధపడ్డారు. వారిలో జి. సుబ్రహ్మణ్య అయ్యరు, ఎం. వీరరాఘవాచారి ఉపాధ్యాయులు. తక్కిన నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. ఆ నలుగురిలో ఒకరు మన తెలుగువారు, న్యాపతి సుబ్బారావు పంతులుగారు.

వారి చేతిలో డబ్బు లేదు. రూపాయి ముప్పావలా, అంటే ఇరవై ఎనిమిది అణాలు అప్పు తెచ్చి, ఆ ఏడు సెప్టెంబరు 20న 80 ప్రతులు అచ్చువేయించారు. మొదట అది ఇంగ్లీషు వారపత్రిక. 1889లో దినపత్రిక అయింది.

విద్యార్థులు నలుగురూ త్వరలోనే వకీలు వృత్తిలోకి వెళ్లిపోయారు. ఉపాధ్యాయులిద్దరూ మిగిలారు. సుబ్రహ్మణ్య అయ్యరుగారు సంపాదకులు. ఆయన కలానికి జంకు లేదు. సంస్కరణను రాతతోనే ఆపక, వితంతువైన తన కుమార్తెకు 1889లో మళ్లీ పెళ్లి చేశారు. ఇది చాలామందికి నచ్చలేదు. పత్రికకు అప్పులూ పెరిగాయి, భాగస్వాముల అభిప్రాయాలూ కలవలేదు. చివరకు 1898లో ఆయన తాను పుట్టించిన పత్రికను విడిచిపెట్టారు. తాను 1882లో ప్రారంభించిన తమిళ పత్రిక "స్వదేశమిత్రన్"ను నడుపుకున్నారు. చూశారా! పత్రిక పోయింది గాని, తన మాటను మాత్రం ఆయన పోగొట్టుకోలేదు.

వీరరాఘవాచారిగారు ఒంటరిగా బండి లాగలేకపోయారు. 1905లో పత్రికను 75,000 రూపాయలకు అమ్మివేశారు. కొన్నవారు ఆ పత్రికకే న్యాయసలహాదారుగా ఉండిన కస్తూరి రంగ అయ్యంగారు. అప్పటికి అమ్ముడయ్యే ప్రతులు సుమారు 800 మాత్రమే! ఆయన చందా ముందే కట్టాలన్నారు. బాకీదారులకు పత్రిక పంపడం మానివేశారు. విదేశవార్తలు తంతి ద్వారా తెప్పించారు. పత్రిక మళ్లీ కోలుకుంది. ఆయన 1923లో మరణించినా, నేటికీ ఆ పత్రిక ఆయన వంశంవారి చేతిలోనే ఉంది.

యంత్రాలనూ, పేరునూ 75,000 రూపాయలు కొనగలిగాయి. పాఠకుల నమ్మకాన్ని మాత్రం కొనలేకపోయాయి. అది ప్రతి ఉదయం సంపాదించుకోవలసిందే.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చే పత్రిక తీసి, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలు చూడండి. ప్రచురించేవారి పేరు, సంపాదకుని పేరు అక్కడ ఉంటాయి. ఆ తర్వాత వెనుక వరుస పిల్ల చెప్పిన జవాబును మరొకసారి ఆలోచించండి.