నడిచిన పాదాలకు పద్దు లేదు

రాజధానిలో నడక ఒక ఆరోగ్యసూత్రం. లోదీ ఉద్యానవనంలో ప్రాతఃకాలాన నడిచే పెద్దలు బూట్ల నాణ్యాన్ని గురించి చర్చించుకోవడం నేను తరచు వింటుంటాను. గత్యంతరం లేక నడిచేవారి పాదాల సంగతి నాకు తెలిసింది మాత్రం బస్తర్‌లో.

కొన్నేళ్ల క్రితం భూపాలపట్నం ప్రాంతంలో, రోడ్డు ఆగిపోయిన చోటి నుండి రెండు రోజులు నడిచాను. వాగు దాటి, తడిసిన మేజోళ్లతోనే ముందుకు సాగడం నేను చేసిన మొదటి పొరపాటు. బరువైన వస్తువులన్నీ సంచి అడుగున వేయడం రెండవది. మధ్యాహ్నానికి మడమల మీద బొబ్బలు లేచాయి. సంచి పట్టీలు భుజాలను ఒరిపివేశాయి. వెంట ఉన్న దోర్లా వృద్ధునికి తెలుగు వచ్చు. "బొబ్బ చిదపకు బాబూ, కాలు ఆరనీ. మంట పుట్టినప్పుడే ఆగాల, బొబ్బ లేచినాక కాదు" అన్నాడు. అతని కావడిలో రెండు వైపులా బరువు సమానం. నేనూ నా సంచిలోని బరువును పైకి, వీపుకు దగ్గరగా మార్చుకున్నాను. మర్నాడు నడవగలిగాను. కాని నన్ను కాపాడిన అసలు ఔషధం, కావలసినప్పుడు ఆగగలగడం.

ఆగే వీలులేని నడకను 2020 చూపింది. బస్తర్ నుండి ఏటా మిరప కోతలకు కూలీలు తెలుగు చేలకు వస్తారు. మార్చి 25న లాక్‌డౌన్ మొదలై వాహనాలు నిలిచిపోయాయి. ఏప్రిల్ మధ్యలో ములుగు జిల్లా నుండి బీజాపూర్ జిల్లాకు ఒక చిన్న బృందం అడవి దారిన బయలుదేరింది. అందులోని పన్నెండేళ్ల గిరిజన బాలిక మూడు రోజులు, నూరు కిలోమీటర్లకు పైగా నడిచి, 18వ తేదీన సొంత ఊరు చేరువలో ఉండగా ప్రాణం విడిచింది.

అదే ఏడాది సెప్టెంబరు 14న కేంద్ర కార్మిక శాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానం సుప్రసిద్ధం: వలస కూలీల మరణాల వివరాలు తమవద్ద లేవు, కనుక పరిహారం ప్రశ్నే ఉదయించదు!

చట్టం లేక కాదు. కంట్రాక్టరు తెచ్చుకున్న పొరుగు రాష్ట్రపు కూలీకి రానుపోను ఛార్జీలే కాదు, ప్రయాణ దినాల కూలి కూడా చెల్లించాలని 1979 నాటి చట్టం శాసించింది. అయితే ఇరుగుపొరుగుతో కలిసి తమంతట తాము వచ్చినవారు దాని పరిధిలోకి రాలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త స్మృతి స్వయంగా వచ్చినవారినీ గుర్తించింది, మంచిదే. కాని పదిమందికి తక్కువగా వలస కూలీలున్న చోట దాని ప్రయాణ ఛార్జీల నిబంధన వర్తించదు. అయిదుగురితో కోత కానిచ్చే మిరప చేను మళ్లీ వెలుపలే.

కోతల కాలంలో వచ్చినవారి పేర్లు పంచాయతీలో నమోదు చేయడం, కోతలు ముగిశాక సరిహద్దు దాకా బస్సులు నడపడం అసాధ్యమైన పనులు కావు. మంట పుట్టినప్పుడే ఆగాలన్న ఆ వృద్ధుని మాట ప్రభుత్వాలకూ వర్తిస్తుంది.