పాత అమెరికా బంగారు నాణేలు: తూకం ధర వేరు, అరుదు ధర వేరు

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బంగారు నాణేలకు రెండు ధరలున్నాయి. ఒకటి లోహం ధర, రెండవది అరుదు ధర. మొదటిది బులియన్ మార్కెట్‌ను అనుసరించి నడుస్తుంది. రెండవది సేకరణదారుల గిరాకీని బట్టి పలుకుతుంది. ఈ తేడా తెలియకుండా బేరానికి దిగితే నష్టం తప్పదు.

20 డాలర్ల డబుల్ ఈగిల్ 1850లో చెలామణీకి వచ్చింది. బరువు 33.436 గ్రాములు. నూటికి 90 వంతులు బంగారం, అంటే మేలిమి సుమారు 30.09 గ్రాములు. విరివిగా దొరికే సంవత్సరాల నాణేలు లోహం ధరపై కొద్దిపాటి ప్రీమియంతో చేతులు మారతాయి. అదే నాణెంపై 1870 సంవత్సరం, నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాల గుర్తు ఉంటే లెక్కే వేరు. ఆ ఏడాది అక్కడ వేసినవి 3,789 మాత్రమే.

అయితే ఎన్ని వేశారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం. 1822లో 5 డాలర్ల నాణేలు 17,796 వేసినట్లు లెక్క ఉంది. నేడు ఉన్నట్లు తెలిసినవి 3. అప్పట్లో ఒక్కో నాణెంలో సుమారు 8.02 గ్రాముల మేలిమి ఉండేది. వెండితో పోల్చితే యూరప్‌లో బంగారానికి ఎక్కువ ధర వచ్చేది. ముఖవిలువ కన్నా లోహమే లాభసాటి కావడంతో నాణేలు ఎగుమతై కరిగిపోయాయి. 1834 చట్టం మేలిమిని సుమారు 7.52 గ్రాములకు తగ్గించాకనే ఈ పోకడ ఆగింది. మిగిలిన మూడింటిలో రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. మూడవది 2021 వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది.

సరఫరా పెరిగే ప్రమాదం కూడా లేకపోలేదు. 1857లో మునిగిన సెంట్రల్ అమెరికా ఓడ జాడ 1988లో తెలిసింది. అందులోంచి ఆ ఏటి శాన్‌ఫ్రాన్సిస్కో డబుల్ ఈగిళ్లు 5 వేలకు పైగా బయటపడ్డాయి. అంతవరకు మెరుగు చెడని స్థితిలో అరుదుగా దొరికిన సరుకు ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చింది.

నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో నిర్ణయిస్తారు. మన కాసుల పేరులో కొక్కెం అతికిన కాసుకు తూకంలో లోటు రాదు. సేకరణ మార్కెట్‌లో మాత్రం అతుకు, మెరుగు పెట్టిన జాడ కనిపిస్తే ప్రీమియంలో పెద్ద భాగం పోతుంది. మామూలు నాణెంపై టంకశాల గుర్తు అతికించి అమ్మే మోసాలూ ఉన్నాయి. కనుక నిపుణుల ధ్రువీకరణ లేనిదే అరుదు ధర చెల్లించరాదు.

చివరిగా, తూకం సరుకు ఏ రోజైనా అమ్ముడుపోతుంది. అరుదు సరుకుకు తగిన గిరాకీదారు దొరికేదాకా సొమ్ము నిలిచిపోతుంది. ఆ వడ్డీని కూడా కొనుగోలు ధరలో కలిపి చూసుకోవాలి.