టైర్లలో గాలి ఎందుకు తీస్తారు? మళ్లీ ఎలా నింపుతారు?

ఆస్ట్రేలియాలో కారవాన్‌తో (కారు వెనక తగిలించే ఇల్లులాంటి బండితో) తిరిగేవాళ్లు ఇసుకదారి రాగానే టైర్లలో గాలి తగ్గిస్తారు. ఎందుకు? గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ మేర ఆనుతుంది. బరువు పరుచుకుంటుంది, చక్రం ఇసుకలో కూరుకుపోదు. అదే టైరుతో తారురోడ్డు మీద వేగంగా వెళ్తే అతిగా వంగి, వేడెక్కి పగిలిపోవచ్చు. అందుకే తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపడానికి వెంట కంప్రెసర్ ఉండాలి.

ఎలా ఎంచుకోవాలి? పెట్టె మీద గాలి ఒత్తిడి 150 పీఎస్ఐ అని రాసి ఉంటే మురిసిపోకండి. చాలా కారవాన్ టైర్లకు అందులో సగమే చాలు. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో, ఆగకుండా ఎంతసేపు పనిచేస్తుందో చూడండి. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. అందుకే మోటారుకు మధ్యమధ్య విశ్రాంతి కావాలి. పెద్ద కంప్రెసర్ లాగే కరెంటుకు లైటర్ సాకెట్ ఫ్యూజు పోతుంది. కాబట్టి క్లిప్పులను నేరుగా 12 వోల్టుల బ్యాటరీకే తగిలించాలి. గొట్టం మాత్రం కారవాన్ చివరి చక్రం దాకా అందాలి!