సైకిలు యాత్రలో మూట కట్టడం ఎలా?

మా సాయంకాలపు తెలుగు బడి పిల్లలతో చాలా ఏళ్లు శీతాకాలపు సెలవులలో మూడు రోజుల సైకిలు యాత్ర చేస్తూ వచ్చాము. పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ వద్ద మన పెద్దలు ఎక్కిన 16 మెట్లకు నమస్కరించి బయలుదేరేవాళ్లం. ఫ్లాక్, మహేబూర్, సుయాక్ మీదుగా, వీలైన చోటల్లా చెరకు తోటల మట్టి బాటలు పట్టి, మూడవ రోజు బే ద్యు కాప్ నుంచి షామరెల్ గుట్ట ఎక్కి, అవతలి వైపు దిగి, పడమటి ఒడ్డున ఇల్లు చేరేవాళ్లం.

2023 ఆగస్టులో ఆ గుట్ట దిగుతూ ఉండగా ఒక పిల్లవాడు మలుపులో పడ్డాడు. భుజం దగ్గరి ఎముక విరిగింది. అతని బ్రేకులు మంచివే. రోడ్డు తడిగా లేదు. పిల్లవాడు దుడుకువాడూ కాడు. అతని వీపున పెద్ద సంచి ఉంది. వాళ్ల అవ్వ ప్రేమతో సర్దిన తిండి, దుప్పటి, రెండు జతల బూట్లు, పెద్ద నీళ్ల సీసా అన్నీ అందులోనే ఉన్నాయి. బయలుదేరేనాడు ఆ సంచి చూసి కూడా నేను ఊరుకున్నాను. తప్పు నాది.

ఆ తరువాత యాత్ర ఆపివేశాము. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలని పిల్లలు అడుగుతున్నారు, తల్లిదండ్రులు భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. కనుక ఆనాడు ఏమి జరిగిందో, ఇకపై మూట ఎలా కట్టాలో వివరిస్తాను.

బరువు ఎంత ఎత్తున ఉంటే సైకిలు అంత తూలుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. ఎత్తున ఉన్న బరువు మరింతగా వాలుతుంది. అప్పుడు వెనుక చక్రం తేలికై, నేలను సరిగా పట్టక జారుతుంది. పైగా వీపు సంచి మలుపులో ఒక పక్కకు జరిగి మనిషిని తనతో లాగుతుంది. మా పిల్లవాడికి జరిగింది ఇదే. గుట్ట లేని చోట కూడా వీపు సంచి మంచిది కాదు. దాని బరువు వెన్నుకూ, సీటు మీద కూర్చునే చోటికీ రోజంతా నొప్పి కలిగిస్తుంది.

కనుక మొదటి నియమం: బరువును మనిషి మోయకూడదు, సైకిలు మోయాలి. వీపున పల్చటి వానకోటు తప్ప ఏమీ వద్దు.

రెండవది: బరువైనవి కిందికి, నడిమికి. వెనుక క్యారియరుకు రెండు పక్కలా వేలాడే జంట సంచులు ఇందుకు అనువైనవి. పూర్వం ఎద్దు వీపు మీద వేసిన కంట్లం వంటివే ఇవి. పనిముట్లు, తిండి సంచి అడుగున పెట్టాలి. బట్టలు పైన పెట్టాలి. కావడి మోసేవారికి చెప్పనక్కరలేదు, రెండు వైపులా సమంగా ఉండాలి. ఒక పక్క 4 కిలోలు, మరో పక్క 2 కిలోలు ఉంటే సైకిలు ఒక వైపుకే లాగుతుంది. సంచులను కొంచెం వెనక్కి జరిపి తగిలించాలి. లేకుంటే పెడలు తొక్కేటప్పుడు మడమ తగులుతుంది. నీళ్ల సీసాలను సైకిలు నడిమి గొట్టాలకే బిగించాలి. లీటరు నీరు ఒక కిలో అని మరువకండి.

హ్యాండిలుకు బరువు కట్టరాదు. కడితే మలుపు తిప్పడం కష్టమవుతుంది. చుట్టిన దుప్పటి వంటి తేలిక వస్తువు ఒక్కటి చాలు. అదీ బ్రేకు తీగలను నొక్కకూడదు.

మన చెరకు తోటల బాటలలో నల్లరాళ్లు ఎక్కువ. పొలాల నడుమ గుట్టలుగా పేర్చిన ఆ రాళ్లను ఏరినది మన పెద్దల చేతులే. ఏరగా మిగిలినవి ఇప్పటికీ సైకిలును కుదుపుతాయి. ఆ కుదుపుకు సంచి కొక్కేలు ఊడుతాయి, క్యారియరు బోల్టులు వదులవుతాయి. అందుకు పాత ట్యూబును పొడుగ్గా కోసి, ఆ రబ్బరు పట్టీతో ప్రతి సంచినీ మరొకసారి బిగించి కట్టాలి. పట్టీ కొస వేలాడితే చక్రం ఊచలలో చిక్కుకుంటుంది కనుక కొసలను లోపలికి దోపాలి. ప్రతి ఉదయం బోల్టులు బిగించి చూడాలి. రెండు బోల్టులు అదనంగా ఉంచుకోవాలి.

క్యారియరు లేని సైకిలైతే సీటు వెనుక చుట్ట సంచి కట్టవచ్చు. అందులో 3 కిలోలకు మించరాదు. అది టైరుకు తగలకుండా జానెడు ఎడం ఉండాలి.

బరువు పెరిగినప్పుడు టైరులో గాలి కొంచెం పెంచాలి. గాలి తక్కువైతే రాయి తగిలినప్పుడు చక్రపు అంచు ట్యూబును నొక్కి పక్కపక్కన రెండు చిల్లులు చేస్తుంది. అయితే టైరు మీద రాసిన హద్దు దాటరాదు.

ఇక ఏమి తీసుకుపోవాలి? రాత్రి మందిరంలోనో బంధువుల ఇంటనో పడుకుంటాము కనుక డేరా అక్కరలేదు. ఒక్కొక్కరికి నేను వేసిన లెక్క ఇది: బట్టలు 2 కిలోలు, దుప్పటి 1 కిలో, తిండి ఒకటిన్నర, నీరు ఒకటిన్నర, పంపు, ట్యూబు, పనిముట్లు 1 కిలో, వానకోటు, మందులు 1 కిలో. మొత్తం 8 కిలోలు. సైకిలే 14 కిలోల దాకా ఉంటుంది. దానికి ఇది తక్కువ బరువు కాదు. తక్కెడ మీద తూచి, మించినది ఇంట్లోనే వదలాలి. వాన మనకు కొత్త కాదు కనుక ప్రతి వస్తువునూ ముందు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తరువాతే సర్దాలి.

బయలుదేరే వారం ముందు, నిండు బరువుతో ఒక పూట సైకిలు తొక్కి చూడాలి. ఒక చిన్న దిబ్బ దిగి, బ్రేకు వేస్తే ఎంత దూరాన ఆగుతుందో పిల్లలు తామే తెలుసుకోవాలి. బరువుతో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. షామరెల్ దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి వాడాలి, మలుపుకు ముందే వేగం తగ్గించాలి, సందేహం ఉంటే దిగి నడవాలి. నడిచి దిగిన పిల్లవాణ్ని ఎవరూ నవ్వరాదు.

అవ్వలకూ అమ్మలకూ ఒక మనవి. పిల్లవాడు ఆకలితో ఉంటాడని సంచి నింపకండి. దారిలో ప్రతి ఊరా మనవారున్నారు. కోరంగి, విశాఖపట్టణం రేవుల నుంచి ఓడ ఎక్కినవారు ఒక చిన్న మూటతోనే ఈ దీవికి వచ్చారు. మిగిలినది ఇక్కడ ఒకరికొకరు పెట్టుకున్నారు.

ఈసారి బయలుదేరే ఉదయం మెట్ల దగ్గర తక్కెడ పట్టుకొని నేనే నిలబడతాను. ప్రతి సంచీ నా చేతి మీదుగానే పోతుంది. భుజం విరిగిన ఆ పిల్లవాడు నా పక్కన నిలబడి పట్టీలు బిగిస్తానని మాట ఇచ్చాడు.