ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్డా? ముందు రాత్రిపూట బండి ఎక్కడ నిలుపుతారో చూసుకోండి

పండగ రోజు అన్నదమ్ములు ఒకచోట కూర్చుంటే ఈ మధ్య షీర్ ఖుర్మాతో పాటు కార్ల మాట కూడా తప్పడం లేదు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు "అక్కడ ట్యాక్సీలే హైబ్రిడ్ కేమ్రీలు. కళ్లు మూసుకుని హైబ్రిడ్ తీసుకో భాయ్" అంటాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మేనల్లుడు "ఇంకా పెట్రోలేంటి మామూ? కరెంటు బండి తీసుకోండి, కిలోమీటరుకి రూపాయిన్నర" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ తమ లెక్క చెబుతున్నారు, మీ ఇంటి లెక్క కాదు.

పది పదిహేను లక్షలంటే మన కుటుంబాల్లో చాలామందికి ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు. గల్ఫ్‌లో చెమటోడ్చి పంపిన డబ్బు కూడా అందులో ఉంటుంది. అందుకే షోరూమ్‌కి వెళ్లకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది బ్యాటరీ కాదు, మైలేజీ కాదు. రాత్రి మీ బండి ఎక్కడ నిలబడుతుంది అన్నది.

ముందు పేర్ల సంగతి

హైబ్రిడ్ అని రాసి ఉన్న ప్రతి కారూ ఒకటి కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

మారుతి ఎర్టిగా, బ్రెజ్జా లాంటి వాటిలో ఉండే "స్మార్ట్ హైబ్రిడ్" నిజానికి మైల్డ్ హైబ్రిడ్. చిన్న బ్యాటరీ ఇంజిన్‌కి కాస్త చేయూతనిస్తుంది, అంతే. కరెంటు మీద మాత్రమే ఆ బండి కదలదు. మంచి బండే, కానీ దాన్ని పెట్రోల్ కారుగానే లెక్క వేసుకోవాలి.

అసలు హైబ్రిడ్ అంటే స్ట్రాంగ్ హైబ్రిడ్. టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీలలో ఈ రకం దొరుకుతుంది. ఇందులో ఇంజిన్ ఒకటి, మోటారు ఒకటి ఉంటాయి. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటారు బండిని లాగుతుంది. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచుకుంటుంది. ఈ బండికి ప్లగ్ ఉండదు, ఛార్జింగ్ పెట్టే పని లేదు. పెట్రోల్ పోయించుకోవడమే. పేరులో హైబ్రిడ్ ఒకటే ఉన్నా, ఒకే మోడల్‌లో మైల్డ్, స్ట్రాంగ్ రెండూ అమ్ముతుంటారు. బుక్ చేసేటప్పుడు ఏ వేరియంట్ అన్నది కాగితం మీద చూసుకోండి.

ఎలక్ట్రిక్ కారులో ఇంజినే ఉండదు. టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ విండ్సర్, క్రెటా ఎలక్ట్రిక్, ఏడుగురు కూర్చునే కియా కారెన్స్ క్లావిస్ ఈవీ ఈ కోవలోవి. ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు, క్లచ్ లేదు. సర్వీసింగ్ ఖర్చు తక్కువ. కానీ ఛార్జింగ్ తప్పదు.

రాత్రి బండి ఎక్కడ?

సొంత ఇల్లు, గేటు లోపల కారు పట్టే చోటు ఉంటే ఎలక్ట్రిక్ కారు హాయి. మామూలు 15 ఆంప్స్ సాకెట్‌తో గంటకు సుమారు మూడు యూనిట్లు ఎక్కుతుంది. ఇషా నమాజు అయ్యాక ప్లగ్ పెట్టి ఫజర్‌కి తీస్తే ఇరవై ఐదు యూనిట్ల దాకా ఎక్కుతుంది. అంటే దాదాపు 150 కిలోమీటర్లు. ఊళ్లో తిరిగే వాళ్లకు ఒక్క రోజులో అంత అవసరమే పడదు.

అయితే ఆ సాకెట్ ఫ్రిజ్‌కో, గీజర్‌కో వేసిన పాత వైరు మీద ఉండకూడదు. మీటరు నుంచి విడిగా మందమైన వైరు, దానికో ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. ఏడు కిలోవాట్ల వాల్ ఛార్జర్ పెట్టించుకుంటే కరెంటు ఆఫీసులో దరఖాస్తు చేసి కనెక్షన్ లోడు పెంచుకోవాలి. పాత ఇళ్లలో వైరింగ్ పనికే కొన్ని వేలు అవుతాయి. ఆ ఖర్చు కూడా కారు ధరలో కలుపుకోండి.

అపార్ట్‌మెంట్ అయితే సంగతి వేరు. టోలిచౌకి, మెహదీపట్నం వైపు పాత అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ కింద, మీటరు బోర్డు ఇంకో మూల. మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు లాగాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే సొంత కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ఇరుగుపొరుగుతో పేచీ పెట్టుకుని చేసే పని కాదిది. కారు బుక్ చేశాక అడగడం కాదు, బుక్ చేయకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇక పాతబస్తీ గల్లీల్లో, కడప, కర్నూలు పాత మొహల్లాల్లో కారు ఇంటి ముందు దాకా కూడా రాదు. మసీదు పక్క ఖాళీ స్థలంలోనో, మెయిన్ రోడ్డు మీదో నిలపాలి. రోడ్డు మీదుగా వైరు లాగి ఛార్జింగ్ పెట్టడం పిల్లలు తిరిగే చోట ప్రమాదం. వానాకాలంలో మరీ ప్రమాదం. ఇలాంటి ఇంటికి ఎలక్ట్రిక్ కారు కొంటే ప్రతిసారీ పబ్లిక్ ఛార్జర్ వెతుక్కోవాలి. అప్పుడు మేనల్లుడు చెప్పిన రూపాయిన్నర లెక్క చెల్లదు.

కిలోమీటరు లెక్క

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి ఎలక్ట్రిక్ కారుకు సుమారు 170 యూనిట్లు కావాలి.

తెలంగాణలో ఇంటి కరెంటు పై శ్లాబుల్లో యూనిట్ 9 రూపాయల నుంచి 10 దాకా పడుతుంది. తొమ్మిదిన్నర చొప్పున వేసుకుంటే నెలకు 1,600 రూపాయలు. అదే బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పన్నుతో కలిపి యూనిట్ 22 రూపాయలు పడిందనుకుంటే 3,700 దాటుతుంది.

హైబ్రిడ్‌కి కంపెనీలు 27, 28 కిలోమీటర్ల మైలేజీ చెబుతాయి. అది పరీక్షలో వచ్చే అంకె. మన ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుంటే 20 వస్తుందని లెక్క వేసుకోవడం మంచిది. అంటే 50 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున 5,350. అదే సైజు మామూలు పెట్రోల్ కారుకు లీటరుకి 12 వస్తే 8,900 దాకా అవుతుంది.

అంటే ఇంట్లో ఛార్జ్ చేసుకునే వాళ్లకు హైబ్రిడ్ కంటే ఎలక్ట్రిక్‌లో నెలకు 3,700 పైన మిగులుతుంది. ఏడాదికి 45,000. బయటే ఛార్జ్ చేసుకునే వాళ్లకు మిగిలేది 1,600. దానికి ఛార్జర్ దగ్గర కూర్చునే సమయం అదనం. నెలకు 400 కిలోమీటర్లే తిరిగే ఇంటికైతే ఇంటి ఛార్జింగ్‌తో కూడా మిగిలేది 1,500. మీ కిలోమీటర్లు, మీ ఊరి పెట్రోల్ ధర, మీ కరెంటు బిల్లు పెట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోండి. పది నిమిషాల పని.

200 యూనిట్ల మెలిక

గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నెలలో 200 యూనిట్లు దాటితే దాటినంత వరకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఇంట్లో ఇప్పటికే 120, 130 యూనిట్లు కాలుతుంటే, కారు వచ్చాక 200 లోపల ఆగడం కష్టం. ఉమ్మడి కుటుంబంలో మీటరు అబ్బాజాన్ పేరు మీద, కారు చిన్నకొడుకుది అయితే ఈ మాట ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే బిల్లు వచ్చిన రోజు ఇంట్లో రభస ఖాయం.

పన్ను ఎవరికి తగ్గుతుంది?

ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన రేట్ల ప్రకారం చిన్న హైబ్రిడ్లకు 18 శాతం, మిగతా వాటికి 40 శాతం. పైన చెప్పుకున్న స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ 40 శాతంలోకే వస్తాయి, ఎందుకంటే వాటి ఇంజిన్, పొడవు చిన్న కారు హద్దు దాటుతాయి. అయితే జీఎస్టీ షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ విడిగా లెక్కపెట్టనక్కర్లేదు.

విడిగా చూడాల్సింది లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో 15 లక్షల హైబ్రిడ్‌కి లైఫ్ ట్యాక్స్ ఒక్కటే రెండున్నర లక్షలు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారుకు 2024 నవంబర్‌లో తెచ్చిన పాలసీ కింద రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. దీని గడువు 2026 డిసెంబర్ 31. హైబ్రిడ్లకు ఈ మాఫీ లేదు. అందుకే షోరూమ్ ధర చూసి "ఎలక్ట్రిక్ ఖరీదు" అనుకోకండి. రెండింటికీ ఆన్‌రోడ్ ధర రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ చేయించేవాళ్లకు తెలంగాణ మాఫీ వర్తించదు. ఏపీలో ఏం వర్తిస్తుందో డీలర్ నోటి మాట కాకుండా కొటేషన్ మీద రాయించుకోండి.

దూర ప్రయాణాలు

హైదరాబాద్ నుంచి గుల్బర్గా దర్గాకు దాదాపు 220 కిలోమీటర్లు. కడప పెద్ద దర్గాకు 400 పైన. కంపెనీ ఒక్క ఛార్జ్‌కి 450 కిలోమీటర్లు అని రాస్తే, హైవే మీద ఏసీతో, సామానుతో 300 అనుకుని బయల్దేరడం క్షేమం. గుల్బర్గా వెళ్లడానికి సరిపోతుంది, తిరిగి రావాలంటే మధ్యలో ఛార్జింగ్ కావాలి. కడప దారిలో ఒకచోట ఆగక తప్పదు.

హైవే మీద హోటళ్ల దగ్గర, పెట్రోల్ బంకుల్లో ఛార్జర్లు ఉన్నాయి. అసలు ఇబ్బంది వేరే. ఒకటి పనిచేయకపోవచ్చు, ఇంకోదాని దగ్గర ముందే ఒక బండి ఉండొచ్చు, ప్రతి కంపెనీకి ఒక యాప్ కావాలి. నలుగురు పెద్దవాళ్లయితే టీ తాగుతూ, నమాజు చేసుకుంటూ ముప్పావు గంట గడిపేయొచ్చు. షుగర్ ఉన్న అమ్మీ, చంటిపిల్లలు ఉంటే అదే ముప్పావు గంట భారం. జనాజా కబురు వచ్చి అర్ధరాత్రి సొంతూరికి బయల్దేరాల్సి వస్తే ఇంకా కష్టం. ఏడాదికి రెండుసార్లు దూరం వెళ్లేవాళ్లు అప్పటికి బండి అద్దెకు తీసుకున్నా పోయేదేం లేదు. నెలకు రెండుసార్లు వెళ్లేవాళ్లకు మాత్రం హైబ్రిడ్ నిశ్చింత.

వడ్డీ లేకుండా కొనేవాళ్లకు

షోరూమ్‌లో ఒక మాట తప్పకుండా చెబుతారు. "ఈఎంఐ మూడు వేలు ఎక్కువైతేనేం సార్, పెట్రోల్‌లో నాలుగు వేలు మిగులుతాయి కదా" అని. వడ్డీకి దూరంగా ఉండి నగదుతో కొనాలనుకునే కుటుంబానికి ఈ లెక్క పనికిరాదు. పెట్రోల్‌లో మిగిలేది రేపు నెల నెలా వచ్చేది, కట్టాల్సింది ఈరోజు మొత్తం. అందుకే నగదు కొనుగోలుదారు చూడాల్సింది ఒకటే: ఆన్‌రోడ్ ధరలో తేడా ఎంత, అది ఎన్నేళ్లలో తిరిగి వస్తుంది? తేడా లక్షన్నర, ఏడాదికి మిగిలేది 45,000 అయితే మూడేళ్ల నాలుగు నెలలు. ఏడాదికి మిగిలేది 18,000 అయితే ఎనిమిదేళ్ల పైనే.

బ్యాటరీని అద్దెకిచ్చే పథకాలు కూడా వచ్చాయి. కారు ధర తక్కువ కనబడుతుంది, బ్యాటరీకి కిలోమీటరుకి ఇంత అని కట్టాలి. పేరుకి అద్దె అయినా కొన్నిచోట్ల వెనక ఫైనాన్స్ కంపెనీతో అప్పు ఒప్పందం ఉంటుంది. కారు తిప్పకపోయినా నెలకు కనీసం ఇంత కట్టాలన్న షరతు ఉంటుంది. సంతకం పెట్టకముందు కాగితాలు మొత్తం చదవండి. అద్దెనా, అప్పా అన్న సందేహం ఉంటే మీరు నమ్మే ఆలిమ్‌కి ఆ కాగితాలే చూపించి అడగండి.

బ్యాటరీ, వరద, అమ్మకం ధర

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. మీరు రెండో యజమాని అయితే ఆ వారంటీ ఎంతవరకు వర్తిస్తుందో అడగాలి. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు లేకుండా బేరం మొదలుపెట్టొద్దు. తిరిగి అమ్మేటప్పుడు ఇప్పటికైతే హైబ్రిడ్‌కే మంచి ధర పలుకుతోంది.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ వరదల్లో వందల కార్లు మునగడం చూశాం. మునిగిన బండి ఏ రకమైనా స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. సర్వీస్ సెంటర్‌కి లాగించడమే. మీది పల్లపు ప్రాంతమైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే రూపాయి రాదని గుర్తుంచుకోండి.

మరి ఏది కొనాలి?

గేటు లోపల సొంత ప్లగ్ ఉండి, నెలకు వెయ్యి కిలోమీటర్ల దాకా ఊళ్లోనే తిరిగితే ఎలక్ట్రిక్ కొనండి. పార్కింగ్ రోడ్డు మీద, సొంతూరి ప్రయాణాలు ఎక్కువ అయితే హైబ్రిడ్. పార్కింగ్ ఉంది, అసోసియేషన్ ఇంకా ఒప్పుకోలేదు అంటే ఆగండి, ముందు అనుమతి తీసుకోండి. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లే తిరిగే ఇంటికి ఈ రెండూ అక్కర్లేకపోవచ్చు. చిన్న పెట్రోల్ కారు కొని మిగిలిన డబ్బు పిల్లల చదువుకి ఉంచుకోవడం తక్కువతనం కాదు. ఇస్రాఫ్ వద్దని మనకు చిన్నప్పటి నుంచీ చెప్పిందే కదా.

ఈ రాత్రి కిందికి దిగి ఒకసారి మీ పార్కింగ్ చూసి రండి. మీటరు ఎక్కడుంది, వైరు ఎటు నుంచి రావాలి, ఎవరిని అడగాలి? ఆ జవాబులు దొరికాక షోరూమ్‌కి వెళ్తే, ఇంషా అల్లాహ్, డబ్బు పెట్టి బాధపడే పని ఉండదు.